మరియమ్మ నెత్తిమీది మూట

పోసవ్వకు కోపం వస్తే చేతులు ఊరుకోవు. తిట్టడం తిడుతుంది, అందులో వాడ మొత్తంలో ఆమెకు సాటి లేరు. కానీ తిట్లన్నీ అయిపోయాక కూడా లోపల ఇంకా కొంత మిగిలి ఉడుకుతుంటుంది చూడండి, ఆ మిగిలినదాన్ని కొక్కెం సూదికి అప్పజెబుతుంది. దారాన్ని ఎడమచేతి చూపుడువేలికి చుట్టుకుని, కొక్కెంతో ఉచ్చు లాగి, ఆ ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు లాగి, పెదవులు బిగించి అల్లుతూ కూచుంటుంది. ఆ సమయంలో మొగుడు ముత్తెన్న లోపలికి అడుగుపెట్టడు. అరుగు మీద చుట్ట కాలుస్తూ మధ్యమధ్య లోపలికి తొంగిచూసి, "ఇంక అల్లుతనే ఉన్నది" అని తనకు తానే చెప్పుకుంటాడు. మంచివాడు. నోట్లో నాలుక ఉందో లేదో ఎవరికీ తెలియదు.

ఆ సూది ఆమె చేతికి వచ్చిందే కడుపుమంటతో. మంజీర మీద నిజాంసాగర్ కట్ట ఇంకా లేస్తున్న రోజులవి. బాన్సువాడలో మకాం వేసిన ఒక గిర్దావరు బిచ్కుందకు కదిలాడు. శిస్తు లెక్కలు చూసే అధికారి కదిలాడంటే ఆయన పరుపులు, పెట్టెలు, వంటగిన్నెలు వాడ జనం నెత్తిన కదలాలి. కూలి లేదు, నాలి లేదు, దాని పేరు వెట్టి. ఇళ్లకు వంతులుంటాయి. ఆ సారి వంతు పోసవ్వ ఇంటి మీద పడింది. అప్పుడామెకు ఏడో నెల. చావిడిలో అధికారులు కూచోవడానికి పరిచే ఎర్రచారల జంపఖానాను చుట్ట చుట్టి, దానికి ఇత్తడి పీక్‌దాన్ వేలాడగట్టి, ఆమె నెత్తిన పెట్టారు. ఎనిమిది కోసుల దారి. అడుగు పడినప్పుడల్లా ఆ ఉమ్మి వేసే గిన్నె చెవి పక్కన టంగు టంగుమనేది. పిట్లం దాటాక నొప్పులొచ్చాయి. తుమ్మపొదల చాటున మగపిల్లవాడు పుట్టాడు, ఏడవలేదు. ముత్తెన్న కట్టెతో గుంత తీశాడు. జంపఖానా మాత్రం ఆగలేదు. ఇంకో ఆడమనిషి నెత్తికెక్కి పొద్దుగూకేసరికి బిచ్కుంద చేరింది.

పోసవ్వను బండిలో వేసి మిషను దవాఖానకు తెచ్చారు. ప్రాణం నిలిచింది, ఇక పిల్లలు పుట్టరన్నారు. పది రోజులు వాసాలు చూస్తూ పడుకున్న మనిషి చేతిలో దవాఖాన దొరసాని ఒక కొక్కెం సూది, ఒక తెల్లదారపు ఉండ పెట్టింది. తెల్లతోలు మనిషి, తెలుగు వంకరటింకరగా మాట్లాడేది, చెయ్యి మాత్రం మంచిది. ఆ సూది అరిగి విరిగితే పోసవ్వ గొడుగుపుల్ల ఒకటి సంపాదించి కమ్మరి దగ్గర కొన వంపు తిప్పించుకుంది. ఆ తర్వాత రెండేళ్లకు ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నారు. దొరసాని ఆమెకు ఫేబి అని పేరు రాయించింది. ఆ పేరుతో వాడలో ఒక్కరూ పిలిచిన పాపాన పోలేదు.

ఇదంతా పదకొండేళ్ల కిందటి మాట. ఇప్పుడు కాలువల్లో నీళ్లు పారుతున్నాయి, బాన్సువాడ చుట్టూ ఎటు చూసినా వరి. అప్పటి ఆరేళ్ల కూతురు ప్రేమల ఇప్పుడు ఎనిమిదో నెల కడుపుతో, తొలికాన్పుకు తల్లి దగ్గరికి వచ్చి ఉంది.

చలి మొదలయ్యాక దొరసాని పోసవ్వను పిలిచి ఒక బొమ్మ కాగితం చూపించింది. పశువులపాక, గడ్డిలో పసివాడు, పక్కన మరియమ్మ, యోసేపు, గొల్లలు, ఆవు, గాడిద, గొర్రెలు. వీటన్నిటినీ జానెడు జానెడు ఎత్తున దారంతో అల్లి దూది కూరి ఇవ్వాలట. క్రిస్మస్ నాడు ప్రార్థన గుడిలో బల్ల మీద గడ్డి పరిచి నిలబెడతారట. పోసవ్వ బొమ్మను తిప్పి తిప్పి చూసింది. మరియమ్మ కడిగిన ముత్యంలా ఉంది. పాదాలకు దుమ్ము కూడా అంటలేదు. గీసినవాడు ఎన్నడూ నాలుగు కోసులు నడిచి ఎరగడు అనుకుంది.

ఎందుకంటే ఆ కథ ఆమెకు తెలుసు. ఉపదేశి ఆశన్న ప్రతి ఏడూ చదివి చెప్పేవాడు. దేశాన్నేలే రాజు హుకుం చేశాడు, ఎవరి ఊరికి వాళ్లు కదలాలన్నాడు, నిండుచూలాలు మరియమ్మ మొగుడితో కలిసి అంత దూరం పోయింది, పోయినచోట తల దాచుకునే జాగా దొరకలేదు. మొదటిసారి విన్నప్పుడే పోసవ్వకు ఒళ్లంతా ముళ్లు పొడుచుకొచ్చాయి. సర్కారు హుకుం, కడుపుతో ఉన్న ఆడమనిషి, ఊరు కాని ఊరు. ఇంకేం అడగాలి? అడగలేదు. అందరికీ తెలిసిన సంగతే కదా, వెట్టి అని నోరు తెరిచి చెప్పుకోవాలా ఏమిటి అనుకుంది. ఆ అనుకోవడం పదేళ్లు ఆమె లోపలే ఉండిపోయింది.

గడ్డిలో పసివాడు వేరే ఉన్నా సరే, ఆమెకు కనిపించే మరియమ్మ ఇంకా దారిలో నడుస్తున్న నిండుచూలాలే. కాబట్టి మరియమ్మను మూట దగ్గర మొదలుపెట్టింది. మంజిష్ఠ వేరుతో ఎర్రరంగు, కరక్కాయతో నల్లరంగు పట్టించిన దారాలతో జంపఖానా చుట్టను చారచారగా అల్లింది. దాని అడుగునుంచి, దారం తెంపకుండా, గోధుమరంగు దారం ముడివేసి తల దింపింది. తల కింద మెడ, మెడ కింద నీలిచీర, చీర ముందు ఎత్తుగా కడుపు, కింద పాదాలు. అల్లుతూ అల్లుతూ బూరుగుదూది కూరింది. చివరి ముడిని పాదాల అడుగున దాచింది. చేతులు మాత్రం విడిగా అల్లి, రెండూ పైకెత్తి మూటను పట్టుకున్నట్టు తగిలించింది. మూట పక్కన ఇంత పసుపుపచ్చటి గిన్నె ఒకటి వేలాడదీసింది. యోసేపు చేతికి కందీలు ఇచ్చింది, ముందు నడిచి దారి చూపడానికి.

ప్రేమల కడుపు మీద చేయి వేసుకుని చూస్తూ, "అవ్వా, మరియమ్మ నెత్తి మీద మూటేందే?" అంది.

"సర్కారు పిలిస్తే ఉత్త నెత్తితోటి ఎవలను పోనిచ్చిండ్రు బిడ్డా?"

అది నిజమే అనిపించి ప్రేమల ఇంకేం అడగలేదు. దొరసాని ఒకరోజు వచ్చి చూసి, "ప్రయాణపు సామాను! చాలా ముద్దుగా ఉన్నది" అని మురిసిపోయింది. సామాను! ముద్దుగా! పోసవ్వ పళ్లు నూరింది కానీ, ఆవిడ మొహం చూస్తే పాపం తిట్టబుద్ధి కాలేదు.

పండుగ వారం రోజులు ఉందనగా పండరి వచ్చాడు. పటేల్ మాటను వాడకు మోసుకొచ్చే బంట్రోతు వాడు, భుజాన కర్ర, మొహాన ఎప్పుడూ ఏదో తప్పు చేసినట్టు ఒక నవ్వు. గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"అక్కా, పండుగ తెల్లారి గిర్దావరు దొర మకాం బిచ్కుందకు లేస్తుంది. వంతు మీ ఇంటిది. ఈ పారి సామాను మస్తుగున్నది. ఇంటికి ముగ్గురు."

"మేమున్నదే ఇద్దరం గదరా."

పండరి లోపల గోడకానుకుని కూచున్న ప్రేమల వైపు చూశాడు, చూసి తల దించుకున్నాడు. "ముగ్గురని రాసుకున్నడక్కా పటేల్."

పోసవ్వకు అరికాలి మంట నెత్తికెక్కింది. "కండ్లు దొబ్బినయార్ర మీకు? ఎనిమిదో నెల దానికి! నా కొడుకును తిన్నది సాలలేదా గా జంపఖానాకు, ఇగ నా బిడ్డ గావాల్నా? దానిది గూడ నేనే మోస్త. రెండు మూటలు నా నెత్తినే పెట్టుండ్రి. పోయి చెప్పు నీ పటేల్‌కు."

"చెప్పినక్కా. నువ్వు గట్లనే అంటవని ముందుగాలనే చెప్పిన." పండరి కర్రను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "మూటల లెక్క కాదట. తలకాయల లెక్కట."

వాడు పోయాక పోసవ్వ అరగంట తిట్టింది. పటేల్‌ను, పటేల్ తాతను, గిర్దావరును, ఆయన ఎక్కే గుర్రాన్ని, చివరకు ఏమీ అనని ముత్తెన్నను కూడా. ముత్తెన్న చుట్ట ఆరిపోయినా నోట్లోంచి తీయలేదు. ప్రేమల మాత్రం, "పోనీ అవ్వా, మెల్లగ నడుస్త" అంది. ఆ మాట వినగానే పోసవ్వ నోరు ఆగిపోయింది. పదకొండేళ్ల కింద ఆమె కూడా అత్తతో సరిగ్గా ఆ మాటే అన్నది.

లేచి కొంగు బిగించి ఆశన్న ఇంటికి పోయింది. చంకలో బొమ్మల బుట్ట ఉంది, ఎలాగూ చూపించాలి కదా అని. ఆశన్న వాడలోనే పుట్టిన మనిషి, మిషను బడిలో చదువుకుని ఉపదేశి అయ్యాడు. ఆమె చెప్పింది వినేలోపే అతని కళ్లు బుట్టలో మరియమ్మ మీద పడ్డాయి.

"పోసవ్వా, గిదేందే?"

"మరియమ్మ."

"మరియమ్మే, కనవడుతుంది. నెత్తి మీదిదేంది?"

"మూట."

"మూటెందుకు?"

పోసవ్వ అతన్ని ఎగాదిగా చూసింది. "నువ్వే సదివినవు గదనే అన్నా. సర్కారు హుకుం జేసిందని, నిండుచూలాలు ఊరిడిసి ఊరు పోయిందని. వెట్టికి గాక ఎందుకు పోతది? సుట్టపుసూపుకు పోయిందా?"

ఆశన్న రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "అయ్యో నా తల్లీ! వెట్టికి కాదే. జనం లెక్కలు రాస్తుంటే పేర్లు రాయించుకోనీకె పోయిండ్రు."

"పేర్లా?"

"పేర్లే."

పదేళ్ల నమ్మకం తప్పని తేలితే ఎవరైనా సిగ్గుపడతారు. పోసవ్వకు సిగ్గు రాలేదు, కోపం రెండింతలైంది. "ఊకె పేరు రాయనీకె కడుపుతోటి ఉన్నదాన్ని గంత దూరం నడిపిచ్చిండ్రా? ఆమె ఇంటికాడ ఉంటే కలం నడువదా వాళ్లది?"

ఆశన్న అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. "చూడు చెల్లె. పండుగకు గిర్దావరు దొర వస్తుండు, పటేల్ వస్తుండు. బడికి జాగ ఇచ్చే మాట మీద ఉన్నరు. గా జంపఖానా ఎవలిదో ఊర్లె ఎవలికి ఎర్క లేదు? దాన్ని చూస్తే మన బతుకు బజార్ల వడ్తది. తీసెయ్యి."

"తియ్యరాదు."

"ఎందుకు రాదు?"

"అంగీకి కుట్టిన గుండీ అనుకున్నవా తెంపితే తెగనీకె? మొదలువెట్టిందే మూటకాడ. మూటలకెంచి తల దిగింది, తలలకెంచి ఒళ్లు దిగింది. ఇప్పాల్నంటే కాళ్లకాడికెంచి ఇప్పుకుంట రావాలె. కాళ్లు పోతయి, చీర పోతది, కడుపు పోతది, మొఖం పోతది. అయ్యన్ని అయినంక గానీ మూట పోదు."

"కత్తెరతోటి కోస్తే?"

"కొయ్యి. మాడు తెగుతది. చిల్లువడ్డ తలకాయతోటి నిలవెట్టుకో."

ఆశన్న దిగులుగా చూశాడు. పోసవ్వ మెత్తబడింది, కూతురి అవసరం కదా. "సరే అన్నా. ఇంకోటి అల్లుత. నెత్తి మీద పోగు దారం లేకుండ అల్లుత. నువ్వు పోయి గిర్దావరు దొరకు నా బిడ్డ సంగతి చెప్పు. నువ్వు సదువుకున్నోనివి, నీ మాట ఇంటడు. నా తలకాయ, దాని బాపు తలకాయ, రెండు తీస్కొమ్మను. దాన్ని ఇడిసిపెట్టుమను. గంతే."

"చెప్త," అన్నాడు ఆశన్న. "దేవుని తోడు, చెప్త."

రెండు రోజులు ఆమె ఆ పని మీదే కూచుంది. ఖాళీ తల మొదలుపెట్టడానికి చెయ్యి మొరాయించింది. ఎక్కడో ఏదో మరిచిపోయినట్టే ఉండేది. అయినా అల్లింది. ఈసారి మరియమ్మ చేతులు పైకి లేవలేదు, కడుపు మీద ఆనాయి. ఆశన్న వచ్చి చూసి, "ఇగో, గిట్లుండాలె" అని బుట్టతో సహా పట్టుకుపోయాడు. మూట ఉన్న మరియమ్మను పోసవ్వ గూట్లో పెట్టుకుంది.

"చెప్పినవానే అన్నా?" అని గుమ్మం దాకా వెంటపడి అడిగింది.

"చెప్పిన. చూద్దమన్నడు," అన్నాడు అతను, చెప్పుల వైపు చూస్తూ.

ఆ మాట పట్టుకుని పోసవ్వ రెండు రోజులు నిమ్మళంగా ఉంది. కూతురికి నూనె రాసి నీళ్లు పోసింది, ముత్తెన్నకు జొన్నరొట్టె మీద ఇంత ఎక్కువ కారం వేసింది, ఒక్కరిని కూడా తిట్టలేదు. పండుగ ముందునాడు పొద్దున పండరి మళ్లీ వచ్చాడు.

"ఎల్లుండి కోడి కూసే యాళ్లకు చావిడికాడ ఉండాలక్కా. ముగ్గురు."

"పోరా, ఉపదేశన్న దొరతోటి మాట్లాడిండు."

పండరి ఇబ్బందిగా కర్ర గీరాడు. "మాట్లాడిండు. నేను ఆడ్నే దర్వాజకాడ నిలవడ్డ. బడి జాగ మాట మాట్లాడిండు. గడ్డి మాట మాట్లాడిండు, దొర గుర్రానికి మంచి గడ్డి పంపుతనని. నీ బిడ్డ ముచ్చటే రాలేదక్కా. నా పిల్లల మీద ఒట్టు."

ఈసారి పోసవ్వ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ముత్తెన్న తర్వాత అనుకున్నాడు. సూది కూడా పట్టలేదు. గూట్లోంచి మూట ఉన్న మరియమ్మను తీసి దుమ్ము దులిపి కొంగున కట్టుకుంది.

క్రిస్మస్ పొద్దున ప్రార్థన గుడి ఊడ్చే పని ఎప్పుడూ ఆమెదే. ఊడ్చింది. బల్ల మీద గడ్డి పరిచి ఉంది, పాక కట్టి ఉంది, బొమ్మలన్నీ ఆశన్న వరసగా నిలబెట్టి ఉంచాడు. చేతులు కడుపు మీద పెట్టుకున్న మరియమ్మను తీసింది, ప్రార్థనకు ముందే పరుగున ఇంటికి పోయి ప్రేమల చేతిలో పెట్టింది. "ఇది నీకాడ ఉండనీ. నువ్వు ఇయ్యాల గుడికి రాకు," అంది. తిరిగొచ్చి ఆ ఖాళీ జాగాలో మూట మోస్తున్న మరియమ్మను నిలబెట్టింది.

గుడి నిండింది. ముందు రెండు కుర్చీలు. ఒకదాంట్లో గిర్దావరు, నల్ల షేర్వానీ, ఎర్ర టోపీ, కుర్ర వయసు. పదకొండేళ్ల కిందటి మనిషి కాడు. ఉద్యోగం అదే, జంపఖానా అదే. రెండో దాంట్లో పటేల్. పక్కన దొరసాని. ఆశన్న వాళ్ల ముందు బల్ల మీదున్న బొమ్మలు చూపించబోయి, మధ్యలో మాట మింగేశాడు. మొహం సున్నం కొట్టినట్టయింది.

గిర్దావరు వంగి చూసి, "బహుత్ ఖూబ్! దారంతో చేసినవా ఇవన్నీ?" అన్నాడు. ఇంకా వంగాడు. ఫక్కున నవ్వాడు. "అరే పటేల్! ఇది మన చావిడి జంపఖానా కదా! పీక్‌దాన్ కూడా ఉన్నదయ్యా! ఎవరు చేసిండ్రు?"

"నేనే దొరా," అంటూ పోసవ్వ ఆడవాళ్ల మధ్యనుంచి లేచి వచ్చింది.

"ఈ తల్లి నెత్తి మీద మా సామాను ఎందుకు పెట్టినవు?"

"మీరే పెట్టిండ్రు దొరా. నేను అల్లిన, గంతే."

గిర్దావరుకు ఇంకా అది వేళాకోళంగానే ఉంది. దొరసాని ముందు దయగల మనిషిలా కనబడాలని కూడా ఉన్నట్టుంది. "పాపం, కడుపుతో ఉన్నది కదా. దించు, దించు."

"నాతోని అయితలేదు దొరా. మీరు దించుతరా?"

పోసవ్వ బొమ్మను తిప్పి పట్టుకుని పాదాల అడుగున దాచిన ముడిని పంటితో కొరికి విప్పింది. దారపు కొసను గిర్దావరు వేళ్లకు అందించింది. "గుంజుండ్రి. దారం రాంగ రాంగ దిగుతది."

ఆయన లాగాడు. టకటకా ఊడసాగింది. అల్లిక విప్పడం సరదాగానే ఉంటుంది మొదట్లో, చిన్నపిల్లలకు కూడా. పాదాలు పోయాయి. నీలిచీర అంచు పోయింది. చుట్టు మీద చుట్టు తిరిగి చీరంతా దారమై ఆయన ఒళ్లో పడింది. కడుపు దగ్గరికి వచ్చేసరికి లోపలి బూరుగుదూది ఉబ్బి బయటపడి, షేర్వానీ మీద రాలింది. గిర్దావరు చెయ్యి ఆగింది.

"గుంజుండ్రి దొరా. ఇంక రాలేదు మూట."

లాగాడు. తగిలించిన చేతులు రెండూ ఊడి గడ్డిలో పడ్డాయి. మెడ పోయింది. గోధుమరంగు మొహం కింది నుంచి పైకి, గడ్డం, ముక్కు, కళ్లు, వరసగా పోయింది. ఆయన చేతిలో చివరకు మిగిలింది ఎర్రచారల జంపఖానా చుట్ట, దానికి వేలాడుతున్న పచ్చ గిన్నె.

"సూసిండ్రా," అంది పోసవ్వ. "మనిషి మొత్తం పోయింది. మీ మూట సల్లగున్నది. పదకొండేండ్ల కింద గీ జంపఖానానే మోసుకుంట పోతుంటే నా కొడుకు తొవ్వల పుట్టి తొవ్వలనే పోయిండు. నేను సచ్చిన్నో బతికిన్నో ఎవలు సూడలేదు, జంపఖానా మాత్రం బిచ్కుంద చేరింది. ఇయ్యాల నా బిడ్డకు ఎనిమిదో నెల. రేపు దాని నెత్తి మీద పెడ్తరట. తలకాయల లెక్కట! నేను పోత, నా మొగడు వస్తడు. నా బిడ్డ రాదు. నన్ను సంపుండ్రి, అది రాదు."

పటేల్ కుర్చీలోంచి సగం లేచాడు. "ఏయ్! నోరు ముయ్యి, ఎవల ముంగట..."

అప్పుడు దొరసాని గిర్దావరు చేతిలోని ఆ చిన్న మూటను తీసుకుంది. సామాను, ముద్దుగా ఉన్నదని తాను అన్నది గుర్తొచ్చిందేమో, మెడ దాకా ఎర్రబడింది. "ఇది సత్యమా?" అని గిర్దావరును అడిగింది. ఆయనను అడిగాక ఆశన్న వైపు తిరిగి చూసింది. ఆశన్న తల ఎత్తలేదు.

గిర్దావరు ఒళ్లో దూది దులుపుకున్నాడు. ఎంత దులిపినా నల్లబట్ట మీంచి పోలేదు. "పటేల్," అన్నాడు విసుగ్గా, ఎవరి కళ్లలోకీ చూడకుండా, "ఆ పిల్లను వదిలేయండి."

అంతే. అంతకు మించి ఏమీ అనలేదు. వెట్టి తీసేస్తున్నామనలేదు, చనిపోయిన పిల్లవాడి గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. పాటలు పాడారు, ఆశన్న వాక్యం చదివాడు, మరియమ్మ పేరు వచ్చిన ప్రతిచోటా తడబడ్డాడు. బల్ల మీద యోసేపు కందీలు పట్టుకుని ఖాళీ జాగాను చూస్తూ నిలబడ్డాడు.

తెల్లారి కోడి కూసే వేళకు పోసవ్వ, ముత్తెన్న చావిడి దగ్గరున్నారు. పటేల్ అరుగు మీద దుప్పటి కప్పుకుని కూచుని ఉన్నాడు. రాత్రంతా నిద్ర పోలేదేమో, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"రెండు మూటలు నేనే మోస్తనన్నవట గదనే," అన్నాడు. "మొయ్యి."

జంపఖానా చుట్ట ఎత్తి పెట్టారు. దాని మీద వంటగిన్నెల గంప. పోసవ్వ మెడ నరాలు బిగుసుకున్నాయి. ముత్తెన్న అప్పటికే నెత్తిన పెట్టె ఉన్నవాడు, జీవితంలో మొదటిసారి పటేల్ ముందు నోరు తెరిచాడు. "గంప నాకియ్యిండ్రి." ఎవరూ పట్టించుకోలేదు. మళ్లీ అన్నాడు. పోసవ్వే, "నడువయ్యా," అంది.

నడిచారు. వరిమడుల పక్కన కాలువ నీళ్లు మంచులో పొగలు కక్కుతున్నాయి. పీక్‌దాన్ చెవి పక్కన టంగు టంగుమంటూనే ఉంది. ఒక్కో చప్పుడుకు ఒక్కో తిట్టు, లోపల్లోపలే. పండరి కర్ర పట్టుకుని పక్కన నడుస్తూ, గుర్రం ముందుకు పోయేదాకా ఆగి, మెల్లగా అన్నాడు.

"అక్కా, పొద్దున గుడి ముంగటికెంచి వస్తుంటే కిటికీలకెంచి చూసిన. తల్లి లేకుంట పసిపిల్లగాడు గడ్డిల ఉన్నడు. కొత్త మరియమ్మను గూడ అల్లినవంట గదా. ఏదీ, మళ్ల పెట్టలేదు?"

పోసవ్వ తల తిప్పలేదు. రెండు మూటల కింద తల తిప్పడం కుదరదు.

"ఇంటికాడ ఉన్నది," అంది. "వెట్టికి రాదట."